పంట వెయ్యకుండానే దొంగలం

గ్రామీణ క్రీడలంటారు. ఏ గ్రామం? మా ప్రకాశం జిల్లాలో ఊరు వేరు, పల్లె వేరు. ఊరంటే ఆసాములుండేది, గుడి ఉండేది, బడి ఉండేది, మంచినీళ్ళ చెరువుండేది. పల్లె అంటే మేముండేది. రెంటికీ మధ్య ఒక డొంక. సంక్రాంతి నెల పట్టిందంటే చాలు, పేపర్ల నిండా టీవీల నిండా ఒకటే పాట. మన పల్లె ఆటలు, మన తాతల ఆటలు, మట్టివాసన, మరుగున పడుతున్న సంస్కృతి. హైదరాబాదు అపార్టుమెంట్లలో, అమెరికా తెలుగు సంఘాల పండగల్లో వామనగుంటల పీటా, బొంగరమూ బల్ల మీద పెట్టి పిల్లలకి చూపిస్తారు. చూపించేవాళ్ళ గొంతు పూడుకుపోద్ది. నాకు మాత్రం కడుపు మండుద్ది. ఆ 'మన' అనే రెండక్షరాల మీదే నా పేచీ. ఆ 'మన'లో మా నాయన ఉన్నాడా? మా తాత ఉన్నాడా? ఉంటే ఎక్కడున్నారు, బరి లోపలా, బయటా?

ఆట పుట్టుక తెలియాలంటే పురాణం విప్పక్కర్లా. ఆటవస్తువుని చేతిలోకి తీసుకుని చూడండి. బిళ్ళంగోడుకి ఏం కావాలి? మూరెడు కర్ర, బెత్తెడు బిళ్ళ. గొడ్లు కాసే పిల్లాడి చేతిలో ఎప్పుడూ ఉండేది కర్రే గదా. కోతికొమ్మచ్చి అంతే. చెట్టు కింద గిరి గీసి, కాలి కింద నుంచి కర్ర ఇసిరేసి, దొంగ దాన్ని తెచ్చేలోపు కొమ్మలెక్కాలి. అరుగు మీద కూర్చుని జమాఖర్చులు రాసుకునేవాడికి ఈ ఆట తట్టదు. మేత కోసం రోజూ చెట్టెక్కేవాడికి తడుద్ది. ఏడుపెంకులాటకి పగిలిన కుండపెంకులు. ఆ కుండ కుమ్మరోళ్ళది. బొంగరం వడ్లోళ్ళది, దాని ములికి కమ్మరోళ్ళది. పులిజూదానికి కావల్సింది నాలుగు గీతలు, గుప్పెడు రాళ్ళు. పులి మేకల్ని మింగటం, మేకలన్నీ కూడి పులిని కదలనియ్యకుండా కట్టెయ్యటం మందలు కాసేవాడి బతుకులోంచి వచ్చింది. పనిచేసే కులాలన్నిటికీ ఈ ఆటల్లో వాటా ఉంది. ఆ వాటా ఎవరూ రాయలా.

ఆడపిల్లల ఆటలూ అంతే. మా పల్లెలో వామనగుంటల పీట ఎవరింటా లేదు. నేల మీదే పద్నాలుగు గుంటలు తవ్వుకుని చింతపిక్కలు పోసేవాళ్ళు. ఆ పిక్కలు ఎక్కడివి? ఎండాకాలం మా అమ్మా, మా నాయనమ్మా ఆసాముల ఇళ్ళకి చింతపండు కొట్టే కూలికి పోయేవాళ్ళు. పండు వాళ్ళ కుండల్లోకి పోయేది, పిక్కలు మా వాళ్ళ ఒళ్ళోకి వచ్చేవి. మధ్యాహ్నం మా అక్క ఆ పిక్కల్తోనే ఆడుకునేది, చంకలో మా తమ్ముణ్ణి పెట్టుకుని. కరువు రోజుల్లో ఆడిన పిక్కల్నే రాత్రికి వేయించి, నానబెట్టి, ఉడకేసుకు తిన్నాం. డప్పుకి తోలు అంటించే అంబలి కోసం మా నాయన ఇంకొన్ని పిక్కలు దాచేవాడు. ఆటా, తిండీ, డప్పూ మూడూ ఆ గింజలోనే ఉన్నయ్యి మాకు. గుంటలకి వామనుడి పేరు పెట్టుకున్నారు. గుంట తవ్విన పిల్ల పేరేది? చింతపండు కొట్టి బొబ్బలెక్కిన చేతి పేరేది?

ఆటకి ముందు పంటలేస్తారు. ముగ్గురు చేతులు కలిపి, ఒక్కసారిగా అరచేతులు బోర్లానో వెల్లకిలానో వేస్తారు. ఇద్దరిది ఒక తీరుగా పడి, మూడోవాడిది వేరుగా పడితే వాడు పండినట్టు. ఆఖరికి మిగిలినోడు దొంగ. దొంగయ్యే వంతు అందరికీ సమానంగా ఉండటమే ఆటలో ఉన్న న్యాయం. డొంక దాటి ఊళ్ళోకి పోతే ఆ న్యాయం లేదు. కళ్ళంలో గింజలు తగ్గినా, తోటలో కాయ పోయినా పంట వెయ్యకుండానే దొంగెవరో తేలిపోయేది. ఒకసారి ఆసామి దొడ్లో కొత్త మోకు పోయిందని మా చిన్నాయన్ని రాటకి కట్టేసి కొట్టారు. రెండ్రోజులకి ఆ మోకు వాళ్ళ గడ్డివాము పక్కనే దొరికింది. పొరబాటైందన్న మాట ఎవరి నోటా రాలా.

ఇంకోటి కూడా ఉంది. పంటలెయ్యాలంటే చేతులు కలపాలి. ఊరి పిల్లలు మాతో చేతులెందుకు కలుపుతారు? గొడ్లకాడ, పెద్దోళ్ళ కంటికి దూరంగా కలిసి ఆడిన రోజులున్నయ్యి. చెట్టు కొమ్మకి కులం లేదు. పొద్దుగూకి గొడ్లని తోలుకుని డొంకలోకి వచ్చేసరికి వాళ్ళు వాళ్ళే, మేం మేమే. పగలు నాతో కొమ్మలెక్కినవాడే సాయంత్రం వాళ్ళ దొడ్లో నిలబడి, తండ్రి వయసున్న మా నాయన్ని 'ఒరే' అని పిలిచేవాడు. మా నాయన 'అయ్యా' అని పలికేవాడు.

మా వైపు ఆటలన్నిట్లో పెద్ద ఆట ఎడ్ల బండలాగుడు. ఒంగోలు జాతి ఎడ్లు. పళ్ళని బట్టి జతల్ని విడదీస్తారు. రెండుపళ్ళవి, నాలుగుపళ్ళవి, ఆరుపళ్ళవి, ఆపైన పెద్దవి. ఇచ్చిన టైములో బండని ఎన్ని అడుగులు లాగితే అంత గెలుపు. మా నాయన ఒక ఆసామి దగ్గర పద్దెనిమిదేళ్ళు పాలేరు. ఏడాదికిన్ని బస్తాల వడ్లని మాట, అందులో సగం పాత అప్పు కింద కోత. తెల్లారుజామున లేచి ఉలవలు ఉడకేసేది ఆయన. పత్తిగింజలు రుబ్బి తవుడులో కలిపేది ఆయన. ఎడ్లని వాగులో ఈత కొట్టించేది, ఒళ్ళంతా రుద్దేది, ఇసకలో బరువులు లాగించి కాళ్ళు గట్టిపరిచేది ఆయన. ఎద్దుకి జొరమొస్తే మా నాయన దొడ్లోనే పడుకున్నాడు. నాకు జొరమొచ్చినప్పుడు ఇంటికి రానియ్యలా.

పందెం రోజున ఎడ్లని కడిగి, కొమ్ములకి రంగేసి, బరి దాకా తోలుకొచ్చేది మా నాయన. అక్కడ చేతులు మారేది. ఆసామి కొడుకు కండువా నడుముకి బిగించి చెర్నాకోల అందుకునేవాడు. మైకులో ఎద్దుల పేర్లు చదివేవాళ్ళు, ఆసామి పేరు చదివేవాళ్ళు, ఆసామి తండ్రి పేరు, ఊరి పేరు చదివేవాళ్ళు. మా నాయన పేరు ఆ మైకు ఏనాడూ పలకలా. ఒక ఏడాది ఆ జతకి మొదటి బహుమతి వచ్చింది. ఫొటో తీశారు. అది ఇప్పటికీ ఆ ఇంటి నడవలో ఏలాడుతుంది. అందులో ఎడ్లున్నయ్యి, ఆసామి ఉన్నాడు, కొడుకులున్నారు, దండ ఏసిన పెద్దమనిషి ఉన్నాడు. ఎడమ పక్క అంచున పలుపు పట్టుకున్న ఒక చెయ్యి ఉంది. మోచేతి దాకానే. ఆ చెయ్యి మా నాయనది.

ఆ పందెంలో మా తాత చేతి పని కూడా ఉంది. ఆయన లందలో తోలు ఊరబెట్టి, తంగేడు చెక్క కట్టి, ఆరె, రంపె పట్టుకుని కూర్చుంటే ఎద్దు మెళ్ళో మువ్వల పట్టెడ తయారయ్యేది. చెర్నాకోలకి కొసన తోలు వారు ఆయనదే. కాడికి బిగించే తోళ్ళు ఆయనవే. చచ్చిన గొడ్డుని మోసుకొచ్చింది కూడా ఆయనే. బతికున్న ఎద్దు ఊరిది, చచ్చిన ఎద్దు పల్లెది. అంటరాదన్న చేతులతో కోసి, ఊరబెట్టి, కుట్టిన తోలుని వాళ్ళ ఎద్దు మెళ్ళో వేసుకోవటానికి మాత్రం మైల అడ్డం రాలా.

ఇక డప్పు. మంట మీద కాచి, సిర్రా సిటికెన పుల్లా పట్టుకుని మావాళ్ళు దరువెయ్యందే బండ కదిలేది కాదు. ఎద్దు మెత్తబడితే దరువు పెంచాలి, బెదిరితే తగ్గించాలి. ఎద్దు ఊపిరి తెలిసినోడే ఆ పని చెయ్యగలడు. మధ్యాహ్నం ఆసాములకి పందిట్లో భోజనాలు. డప్పులోళ్ళకి అందరూ తిన్నాక చింతచెట్టు కింద, విస్తరాకులోకి ఎత్తునుంచి పడేసేవాళ్ళు. అన్నం పడేసే చప్పుడు ఎట్టా ఉంటదో నాకు తెలుసు.

1985 జూలై 17న మా జిల్లాలోనే కారంచేడులో ఆరుగురు మాదిగల్ని చంపారు. తాగే నీళ్ళ చెరువు కాడ మొదలైన గొడవ. ఆ రోజు నుంచి చాన్నాళ్ళు మా పల్లెలో మగాళ్ళు నిద్రపోలా. ఆ తర్వాత వచ్చిన సంక్రాంతికి పల్లె కుర్రాళ్ళం డప్పు కాచేది లేదన్నాం. 'ఒరే అయ్యా, పనికి పిలవరురా' అన్నాడు మా తాత. నిజంగానే పిలవలా. నెలన్నర రోజులు పల్లెకి కూలి లేదు. ఆసాముల గట్ల మీద గడ్డి పరక కోసుకోనియ్యలా. డప్పు కొట్టనన్నవాడికి తిండి ఆపేస్తే దాన్ని ఆటంటారా? మా భాషలో దాన్ని వెట్టి అంటారు. గ్రామీణ క్రీడల మీద వ్యాసాలు రాసే పెద్దలు ఈ మాట ఒక్కసారన్నా రాశారా?

చెడుగుడు సంగతి చెప్తా. తాకుడు మీద నడిచే ఆట అది. కూతకెళ్ళినోడు ఊపిరి బిగబట్టి అవతలోళ్ళని తాకి రావాలి. వాళ్ళు వాడిని ఒడిసిపట్టి, కూత ఆగేదాకా వదలకూడదు. అంటుకోకుండా ఆడే వీల్లేదు. 1983లో నేను ఎనిమిదో తరగతి. బళ్ళో డ్రిల్లు పీరియడ్‌లో నన్నూ ఆటలోకి దించారు. నేను కూతకెళ్తే ఊరి పిల్లలు వెనక్కి వెనక్కి పోయారు. నన్ను పట్టుకుంటే ఇంటికి పోయి తానం చెయ్యాలి. ముగ్గుర్ని తాకి నడుచుకుంటూ గీత దాటాను. మా పల్లె పిల్లలు కేకలేశారు. రెండోసారి వెళ్ళేసరికి వాళ్ళు ఉపాయం కనిపెట్టారు. చేతుల్తో పట్టుకోవటం మానేసి కాళ్ళతో తన్నారు. మోకాలి చిప్ప మీద ఆ మచ్చ ఇంకా ఉంది. చేతికి అంటే మైల కాలికి అంటదంట! ఏ శాస్త్రంలో ఉందో ఆ లెక్క.

ఆ తర్వాత పోటీలకి జట్టు కట్టినప్పుడు అందులో పల్లె పిల్లాడు ఒక్కడూ లేడు. మాకు ఇంకో పని ఇచ్చారు. నేల చదును చెయ్యటం, రాళ్ళేరటం, సున్నంతో గీతలు గియ్యటం. గీత గీసేది మేమే, గీత దాటి లోపలికి రాకూడనిదీ మేమే.

ఈ ఏర్పాటు మా బళ్ళో పుట్టింది కాదు. క్రికెట్ మన పల్లెల ఆట కాదు, తెల్లవాళ్ళు తెచ్చిన ఆట. అయినా ఈ దేశంలో దిగేసరికి దానికీ ఇదే ఏర్పాటు. చమార్ కులంలో పుట్టిన పల్వంకర్ బాలూ పూనా క్లబ్బులో నెలకి 4 రూపాయల జీతానికి పిచ్ చదును చేసేవాడు, తెల్ల దొరల ప్రాక్టీసుకి బంతులేసేవాడు. ఆయన ఎడమచేతి స్పిన్ చూసి పూనా హిందువులు తమ జట్టులోకి పిలిచారు. మైదానంలో అందరూ ఒకటే బంతి పట్టుకున్నారు. టీ వేళకి మాత్రం జట్టంతా పెవిలియన్ లోపల పింగాణీ కప్పుల్లో తాగితే, బాలూకి బయట మట్టి ముంతలో పోశారు. 1911లో ఇంగ్లండు వెళ్ళిన అఖిల భారత జట్టులో ఆయన తీసిన వికెట్లు 114. అంత చేసినా హిందువుల జట్టుకి కెప్టెన్ని చెయ్యలా. ఆయన తమ్ముడు విఠల్ ఆ కుర్చీ ఎక్కటానికి 1923 దాకా పట్టింది. బంతి తోలుదే గదా. తోలు పనికొచ్చింది, తోలు తాకిన మనిషి లోపలికి రాకూడదు. మా తాత పట్టెడ కథే అక్కడా.

ఇప్పుడా రోజులు పోయినయ్యి, అందరూ కలిసే ఆడుతున్నారు గదా, ఇంకా కులమేంటి అంటారు. చెడుగుడు కబడ్డీ అయింది. 1936లో బెర్లిన్ ఒలింపిక్స్ వేళ దాన్ని ప్రదర్శించారు. 1990లో బీజింగ్ ఆసియా క్రీడల్లో పతకాల ఆటయింది, బంగారం మనకే వచ్చింది. 2014 నుంచి ప్రో కబడ్డీ లీగ్ నడుస్తుంది. మట్టి మీద నుంచి మ్యాట్ మీదికి, మ్యాట్ మీద నుంచి టీవీలోకి ఎక్కింది. సంతోషమే. ఆ జట్లలో మా పిల్లలుంటే మేమూ ఈలలేస్తాం. కానీ ఆటలో కులం పోయిందని మాత్రం నాకు చెప్పకండి.

వినోదం కాడ కూడా మా కాలు ఎక్కడుండాలో వాళ్ళే చెప్పారు. 1991లో చుండూరు గొడవ సినిమాహాల్లో ఒక దళిత కుర్రాడి కాలు పెద్దకులపోడికి తగిలిందన్న కాడ రాజుకుంది. ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల్ని చంపేదాకా ఆగలా. పాత కథంటారా? 2021లో టోక్యో ఒలింపిక్స్‌కి రండి. దక్షిణాఫ్రికా మీద వందనా కటారియా మూడు గోల్స్ కొట్టింది. ఒలింపిక్స్ హాకీలో హ్యాట్రిక్ కొట్టిన మొదటి భారతీయ మహిళ. సెమీఫైనల్లో అర్జెంటీనా చేతిలో జట్టు ఓడింది. ఆ రోజు హరిద్వార్ దగ్గర ఆమె ఇంటి ముందు టపాసులు కాల్చి, కులం పేరెత్తి తిట్టారు. జట్టులో దళితులు ఎక్కువయ్యారు కాబట్టి ఓడిందంట. గెలిస్తే 'మన' ఆడబిడ్డ. ఓడితే పంట వెయ్యకుండానే దొంగ.

2023 జూన్‌లో గుజరాత్ పటాన్ జిల్లాలో ఒక ఊరి బడి మైదానంలో క్రికెట్ ఆడుతున్నారు. చూడ్డానికొచ్చిన దళిత పిల్లాడు దొర్లుకుంటూ వచ్చిన బంతిని చేత్తో తీశాడు. దాని మీద గొడవై, సాయంత్రానికి ఆ కుటుంబంలో ఒకాయన బొటనవేలు నరికారు. బొటనవేలే! ఏకలవ్యుడి కథని గురుభక్తి పాఠంగా పిల్లలకి చెప్పే దేశం ఇది. ఆ బొటనవేలు మహాభారతంలో తెగి అక్కడే ఆగిందనుకున్నారా?

2014లో సుప్రీంకోర్టు జల్లికట్టునీ, ఎడ్లబండ్ల పందేలనీ ఆపేసింది. 2017లో తమిళనాడు చట్టం మార్చుకుంది. 2023 మే 18న అయిదుగురు జడ్జీలు ఆ చట్టం చెల్లుద్దన్నారు. ఇన్నేళ్ళ వాదనలో ఒక పక్క ఎద్దు బాధ, ఇంకో పక్క సంప్రదాయం. ఎద్దు బాధ గురించి మాట్లాడాల్సిందే. అది మా నాయన కంటే ఎవరికి తెలుసు? కానీ ఎద్దుకీ సంప్రదాయానికీ మధ్య పలుపు పట్టుకుని నిలబడిన మనిషి ఆ కేకల్లో ఎక్కడన్నా వినపడ్డాడా? ఫొటోలో లాగే అక్కడా మోచెయ్యి దాకానే.

ఇప్పుడు మా పల్లె సంగతి. పల్లెకి తూర్పున ఎకరంన్నర పోరంబోకు ఉంది. మా తాతల కాలంలో అది చచ్చిన గొడ్లని కోసే చోటు. ఊరోళ్ళు ముక్కు మూసుకుని, మొహం తిప్పుకుని పోయేవాళ్ళు. మా పిల్లలు తుమ్మకంప నరికి, ఎముకలేరి, గుంటలు పూడ్చి దాన్ని ఆటస్థలం చేసుకున్నారు. ఒక పక్క వాలీబాల్, ఒక పక్క కబడ్డీ. ఆడపిల్లలు కూడా చీకటి పడేదాకా ఆడతారు. ఊళ్ళో బడి మైదానానికి పోతే ఇప్పటికీ చూపులు భరించాలి, ఇక్కడ ఆ బాధ లేదు. ఇప్పుడు దాని పక్క నుంచి తారురోడ్డొచ్చింది. ఆ నేలకి ధర వచ్చింది. మొన్న సంక్రాంతికి ముందు ఊరి కమిటీ వాళ్ళు డొంక దాటి వచ్చారు. పూర్వీకుల గ్రామీణ క్రీడల్ని బతికించటానికి అక్కడ బండలాగుడు బరి, మెట్ల గ్యాలరీ కడతారంట. మమ్మల్ని సంతకాలు పెట్టమన్నారు. పోతూ పోతూ, 'డప్పులు కూడా మీవే, మర్చిపోబాకండి' అన్నారు.

సంతకాలు పెట్టలా. పెట్టం. పూర్వీకుల ఆటని బతికించటానికి ఇప్పుడు ఆడుతున్న పిల్లల్ని ఖాళీ చేయిస్తారా? ముక్కు మూసుకుని పోయిన నేల ఇవాళ సంస్కృతి అయ్యిందా?

నేను ఆటలు వద్దనటం లా. మా మనవరాలికి పద్నాలుగు గుంటలు తవ్వి ఇచ్చింది నేనే. ఏ చింతపిక్క ఎక్కడ్నుంచి వచ్చిందో చెప్పి మరీ ఇచ్చాను. చెయ్యాల్సింది అదే. బొంగరం చూపిస్తే దాన్ని చెక్కినోడి పేరు చెప్పండి. బండ లాగిస్తే మైకులో ఎద్దు పేరుతో పాటు దాన్ని సాకినోడి పేరు చదవండి, బహుమతిలో వాడి వాటా వాడి చేతికివ్వండి. డప్పు కావాలంటే పాటగాడికిచ్చినట్టు ముందే మాట్లాడుకుని డబ్బులివ్వండి, మీ పంక్తిలోనే కూర్చోబెట్టి వడ్డించండి. పల్లె పక్కన పోరంబోకుని పిల్లల ఆటస్థలంగా రాసి పట్టా ఇప్పించండి. ఇవేవీ చెయ్యకుండా మన ఆటలు, మన ఆటలు అని డొంక దాటి రాబాకండి.

కలిసి ఆడదామంటారా, రండి. ముందు చేతులు కలపండి, పంటలేద్దాం. అప్పుడు తెలుద్ది దొంగెవరో.